డబ్లిన్ ప్రశ్న, దర్యాగంజ్ జవాబు

పాత ఢిల్లీలో ఢిల్లీ గేటును ఆనుకుని ఉన్న పేట దర్యాగంజ్. అక్కడి డాక్టర్ ష్రాఫ్ ధర్మ కంటి ఆసుపత్రికి మూలం 1914లో డాక్టర్ ఎస్.పి. ష్రాఫ్ మొదలుపెట్టిన వైద్యసేవ. వందేళ్లు దాటినా అక్కడ పేదవాళ్లకు ఉచితంగా కంటి ఆపరేషన్లు జరుగుతూనే ఉన్నాయి. ఐరోపా తత్వవేత్తలు మూడు శతాబ్దాలు వాదించుకుని తేల్చలేకపోయిన ఒక ప్రశ్న చివరికి ఈ ఆసుపత్రిలో తేలింది. తేల్చినవాళ్లు ఐదుగురు పిల్లలు. అందరిలోకీ చిన్నవారికి 8 ఏళ్లు, పెద్దవారికి 17. పుట్టినప్పటినుంచీ వెలుతురుకూ చీకటికీ తేడా తెలియడమే వాళ్లకున్న చూపు.

ఆ జవాబు ఎంత గొప్పదో, ఆ వయసు దాకా ఆ పిల్లలు అలా ఉండిపోవడం అంత బాధాకరం. రెండో సంగతిని వదిలేసి మొదటిదాని చరిత్ర రాయడం న్యాయం కాదు.

ప్రశ్న పుట్టింది ఐర్లండ్‌లో. విలియం మొలినూ డబ్లిన్ వాసి. చదివింది న్యాయశాస్త్రమే అయినా మనసంతా గణితం మీదా కటకాల మీదా ఉండేది. 1678లో పెళ్లయింది. కొద్ది రోజులకే భార్య లూసీ జబ్బుపడి చూపు పోగొట్టుకుంది. కాంతి కటకాల గుండా ఎలా వంగుతుందో వివరిస్తూ 1692లో ఆయన ఇంగ్లీషులో ప్రచురించిన ‘డయోప్ట్రికా నోవా’ ఆ కాలపు పెద్ద గ్రంథాల్లో ఒకటి. అప్పటికి ఏడాది ముందే లూసీ కన్నుమూసింది. చూపు గురించి రాత్రింబవళ్లు ఆలోచించే మనిషి ఇంట్లోనే చూపులేని భార్య ఉన్న ఆ సంవత్సరాల్లో, 1688 జులైలో, ఆయన తత్వవేత్త జాన్ లాక్‌ను ఉద్దేశించి ఒక ఉత్తరం రాశాడు.

ఉత్తరంలోని సంగతి ఇది. పుట్టుకతో చూపులేని మనిషి ఒకడున్నాడు. ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్న గోళాన్నీ ఘనాన్నీ చేత్తో తడిమి, ఏది ఏదో చెప్పడం నేర్చుకున్నాడు. ఒకనాడు అతనికి చూపొచ్చింది. ఆ రెండూ ఎదురుగా బల్లమీద ఉన్నాయి. ముట్టుకోకుండా, ఊరికే చూసి, గుండ్రటిది ఏదో మూలలున్నది ఏదో అతను చెప్పగలడా?

లాక్ నుంచి జవాబు రాలేదు. ఐదేళ్ల తర్వాత, ఇద్దరికీ స్నేహం కుదిరాక, మొలినూ అదే ప్రశ్న మళ్లీ పంపాడు. ఈసారి లాక్ దాన్ని 1694లో వెలువడిన తన మహాగ్రంథం రెండో కూర్పులో చేర్చాడు. చెప్పలేడన్నది ఇద్దరి అభిప్రాయం. 1709లో మరో తత్వవేత్త బర్క్‌లీ కూడా చెప్పలేడనే రాశాడు. తత్వవేత్త లైబ్నిజ్ ఒప్పుకోలేదు. గోళానికి మూలలు లేవు, ఘనానికి ఎనిమిదున్నాయి. ఎదురుగా ఉన్నవి ఆ రెండేనని ముందే చెబితే, బుద్ధితో లెక్కవేసుకుని పోల్చుకోగలడని ఆయన వాదం. ఇది గదిలో కూర్చుని చేసుకునే కాలక్షేపం కాదు. ఆకారం అనే భావం మనసులో పుట్టుకతోనే ఉంటే, అది చేతి దారిన వచ్చినా కంటి దారిన వచ్చినా ఒకటే కావాలి. అనుభవంతో మాత్రమే వచ్చేదైతే, చేతికి తెలిసినది కంటికి తెలియాల్సిన పనిలేదు. మనిషి జ్ఞానం ఎక్కడినుంచి వస్తుందన్న పెద్ద తగాదా అంతా ఆ బల్లమీది రెండు వస్తువుల దగ్గరకొచ్చి ఆగింది.

1728లో లండన్ శస్త్రవైద్యుడు విలియం చెసెల్డెన్ పదమూడు, పద్నాలుగేళ్ల కుర్రాడికి శుక్లాలు తొలగించి, ఆ తర్వాత జరిగినదంతా రాశాడు. ఎదురుగా కనిపించేవన్నీ తన కళ్లను తాకుతున్నాయని ఆ అబ్బాయి అనుకున్నాడట. పిల్లి ఏదో కుక్క ఏదో మాటిమాటికీ మరిచిపోయేవాడు. అడగడానికి సిగ్గుపడి ఒకసారి పిల్లిని పట్టుకుని నిమిరి, దాని ముఖంలోకి చాలాసేపు చూసి, ఇక ముందు గుర్తుపడతానన్నట్టుగా దానికే చెప్పి వదిలేశాడు. బొమ్మలో ఉబ్బెత్తుగా కనిపించేవి చేతికి చదునుగా తగిలేసరికి కన్ను అబద్ధం చెబుతోందో చెయ్యి చెబుతోందో అతనికి అర్థం కాలేదు. ఈ కథ ఫ్రాన్స్‌లో వోల్టేర్‌నూ దిదెరోనూ కదిలించింది. దిదెరో 1749లో అంధుల గురించి రాసిన లేఖలో దేవుడి గురించి కూడా ప్రశ్నలు లేవనెత్తి, వాన్‌సేన్ కోటలో జైలు పాలయ్యాడు.

కానీ చెసెల్డెన్ గోళాన్నీ ఘనాన్నీ ఆ అబ్బాయి ముందు పెట్టనేలేదు. తర్వాతి వైద్యులు పెట్టినా, రోగికి ముందు ఎంత చూపుందో, ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లకు అడిగారో, అడిగిన తీరులోనే జవాబు దాగుందో, ఏదీ తేలదు. 1932లో జర్మన్ పరిశోధకుడు మారియస్ ఫాన్ సెండెన్ శతాబ్దాల రికార్డులు తవ్వి, పుట్టుకతో లేని చూపు తర్వాత వచ్చినవాళ్ల వివరాలు పోగుచేస్తే 66 మంది దొరికారు. వాటి ఆధారంగా గట్టిగా ఏమీ చెప్పలేని పరిస్థితి.

ఒక చిక్కు మాత్రం వైద్యులు ఎంత జాగ్రత్తపడినా తప్పేది కాదు. అది కాంతిశాస్త్రపు చిక్కు. కంటికి కాంతిని వంచి రెటీనా మీద కేంద్రీకరించే శక్తి మొత్తం సుమారు 60 డయాప్టర్లు. అందులో రెండొంతులు ముందున్న కార్నియాది, మిగిలిన వంతు లోపలి కటకానిది. మసకబారిన ఆ కటకమే శుక్లం. దాన్ని తీసేస్తే వెలుతురు లోపలికి వస్తుంది, కానీ ఆ మూడో వంతు శక్తి పోతుంది; ప్రతిబింబం రెటీనా వెనక ఎక్కడో పడుతుంది. మందపాటి కళ్లద్దాలు లేకుండా చూసేది మనిషో స్తంభమో కూడా తేలదు. అలాంటి కంటితో ఘనం మూలలు లెక్కపెట్టమంటే లెక్కపెట్టలేకపోవడం మెదడు లోపమా, ప్రతిబింబం లోపమా?

భారతదేశంలో శుక్లవైద్యం చాలా పాతది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం కఫజ లింగనాశం అనే శుక్లరోగానికి చికిత్స చెబుతూ, యవగింజ ఆకారపు మొనగల శలాకను కంట్లోకి దించి, అడ్డుగా ఉన్నదాన్ని తప్పించడం వివరిస్తుంది. తర్వాత రోగి వెల్లకిలా పడుకోవాలి, తుమ్మకూడదు, దగ్గకూడదు. పనిచేసేది శలాకే అయినా, ఆ జాగ్రత్తలు చెప్పినవాళ్లకు కన్ను ఎంత సున్నితమో బాగా తెలుసు. ఈ పద్ధతి ఊరూరా తిరిగే వైద్యుల చేతుల్లో ఇరవయ్యో శతాబ్దం దాకా బతికింది. మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రి అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్ 1917లో దానిమీదే ఒక పుస్తకం రాశారు; చీముపట్టి పాడైన కళ్లు ఆయన దగ్గరకు లెక్కలేనన్ని వచ్చేవి. శలాకతో నెట్టినా కత్తితో తీసినా, కటకం లేని కన్ను మసక కన్నే. కృత్రిమ కటకాన్ని కంట్లోనే అమర్చడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టాడు. యుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానపు అద్దాల ప్లాస్టిక్ ముక్కలను కన్ను భరించడం చూసి వచ్చిన ఆలోచన అది. ఆ విద్య అందరికీ చేరేసరికి ఇంకో ముప్పయ్యేళ్లు పట్టింది. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులకే స్పష్టమైన ప్రతిబింబం రెటీనాకు చేరాలంటే రిడ్లీ కటకం ఉండాలి.

అయితే ఆ కటకం వచ్చేసరికి ఐరోపాలో, అమెరికాలో పెట్టాల్సిన పిల్లలే లేరు. పుట్టుశుక్లాలు అక్కడ పసితనంలోనే తీసేస్తారు.

ఇక్కడ ఉన్నారు. ఎందుకున్నారో తెలియాలంటే మన కంటి వైద్య వ్యవస్థ ఎదిగిన తీరు చూడాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ రాజేంద్రప్రసాద్ నేత్రవైద్య కేంద్రం 1967లో ఏర్పడింది. 1976లో జాతీయ అంధత్వ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. దేశంలో చూపుపోయినవాళ్లలో అత్యధికులు శుక్లాలతో బాధపడే ముసలివాళ్లే కాబట్టి బలమంతా వాళ్లమీదే పెట్టారు. బడిలో, సత్రంలో శిబిరం పెట్టి, వరుసగా ఆపరేషన్లు చేసి, కళ్లజోళ్లిచ్చి పంపేవారు. లక్షలమంది ఆ శిబిరాల వల్ల మళ్లీ మనవల ముఖాలు చూశారు. పిల్లలకు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. వాళ్లకు పూర్తి మత్తు ఇవ్వాలి, మత్తుకు వేరే డాక్టరు కావాలి. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి అద్దాల నంబరు మారుస్తూ ఉండాలి. కూలికి వెళితే తప్ప పూట గడవని ఇంట్లో ఎవరో ఒకరు ప్రతిసారీ పనిమానుకుని రావాలి.

దీనికి తోడు చదువుకున్న వైద్యుల్లోనే ఒక నిరాశ ఉండేది. దానికి మూలం మంచి శాస్త్రమే. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ పిల్లికూనల కన్ను ఒకటి మొదటి నెలల్లో మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడు దాన్ని పట్టించుకోదని నిరూపించారు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మనిషి విషయంలో ఆ గడువు ఆరేడేళ్లని చాలామంది నమ్మారు. ఎనిమిదేళ్ల బిడ్డను ఆసుపత్రికి తెచ్చిన తల్లికి ఇక లాభం లేదన్న మాట వినిపించేది. తెలిసీ తెలియక చెప్పిన ఆ మాట ఎన్ని ఇళ్లలో ఆశను ఆర్పేసిందో తలుచుకుంటే కష్టంగా ఉంటుంది.

1995లో ప్రచురితమైన ఒక పరిశీలన తొమ్మిది రాష్ట్రాల అంధుల పాఠశాలల్లో 1318 మంది విద్యార్థుల కళ్లు పరీక్షించింది. వాళ్లలో దాదాపు సగంమంది అంధత్వం నివారించగలిగినదో నయం చేయగలిగినదో అని తేలింది. ఆంధ్రప్రదేశ్ అంధుల పాఠశాలల్లో తర్వాత చేసిన పరీక్షల్లోనూ సరైన అద్దాలో భూతద్దమో ఇస్తే అచ్చు అక్షరాలు చదవగలిగిన పిల్లలు బ్రెయిలీ తడుముతూ కనిపించారు. గుంటూరులో వైద్యం చదివి, ఎయిమ్స్‌లో కంటి వైద్యంలో శిక్షణ పొంది, అమెరికా నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. పల్లె దాకా కంటి వైద్యం చేరాలన్న ఆ సంస్థ పట్టుదలకు కారణం వెతకాలంటే ఇలాంటి లెక్కలే చూడాలి.

పవన్ సిన్హా ఐఐటీ ఢిల్లీలో కంప్యూటర్ సైన్స్ చదివి, ఎంఐటీలో చూపు మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త. కన్ను చూసిన రంగుల మరకల్లోంచి మెదడు ఇది కుర్చీ, ఇది అమ్మ అని విడదీయడం ఎలా నేర్చుకుంటుందన్నది ఆయన ప్రశ్న. పసిపిల్లలను అడిగితే చెప్పలేరు. 2002లో ఢిల్లీ వచ్చినప్పుడు రోడ్డు పక్కన అడుక్కుంటున్న ఒక తల్లి వెంట ఇద్దరు పిల్లలు ఆయన కంటపడ్డారు. ఇద్దరి కళ్లలోనూ శుక్లాలు. ఆ పిల్లలకు వైద్యం అందాలి. తన ప్రశ్నకు జవాబూ చూపు కొత్తగా వచ్చిన అలాంటి పిల్లల దగ్గరే ఉంది. ఈ రెండూ కలిసి ప్రాజెక్ట్ ప్రకాశ్ అయింది. ష్రాఫ్ ఆసుపత్రి చేయి కలిపింది. పిల్లల కంటి వైద్యురాలు డాక్టర్ సుమా గణేశ్, డాక్టర్ ఉమంగ్ మాథుర్ వైద్యం చూసుకున్నారు. ఐఐటీ ఢిల్లీ నుంచి తపన్ గాంధీ వచ్చారు. ఊళ్లలో శిబిరాలు పెట్టి, దొరికిన పిల్లలను దర్యాగంజ్‌కు తీసుకొచ్చేవారు.

మొదట్లో తారసపడినవారిలో 29 ఏళ్ల యువకుడు ఒకరు. పరిశోధన పత్రాల్లో ఆయన పేరు ఎస్.కె. అని మాత్రమే ఉంటుంది. పుట్టుకతోనే ఆయన కళ్లలో కటకాలు లేవు. ఢిల్లీలో అంధుల వసతిగృహంలో ఉండేవాడు. ఆయనకు కావలసింది ఆపరేషన్ కూడా కాదు, పోయిన ఆ మూడో వంతు శక్తిని భర్తీ చేసే ఒక కళ్లజోడు. అది 29 ఏళ్లదాకా ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చాక చూపు చాలా మెరుగైంది, కానీ చూడడం రాలేదు. ఒకదానిమీద ఒకటి పడ్డ వృత్తాన్నీ చతురస్రాన్నీ చూపిస్తే రెండు కాదు, మూడు వస్తువులున్నాయన్నాడు. కలిసిన భాగం ఆయనకు విడి వస్తువు. ఆవు ఫోటోలో ఒంటిమీది నల్ల మచ్చ ఒక వస్తువు, తెల్ల మచ్చ ఇంకొకటి. అవే ఆకారాలు తెరమీద కదిలితే మాత్రం వెంటనే ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పట్టేసేవాడు. కలిసి కదిలేవి ఒకే వస్తువని మెదడు ముందుగా నేర్చుకుంటుందని ఆయన వల్ల మరింత స్పష్టంగా తెలిసింది. నెలలు గడిచేకొద్దీ కదలనివి కూడా విడివిడిగా తెలియసాగాయి. 29 ఏళ్లు దాటినా మెదడు నేర్చుకుంది. ఆరేడేళ్ల గడువు అన్నమాట అంత కచ్చితం కాదని అప్పుడే అర్థమైంది.

ఒక కళ్లజోడుకు నోచుకోకపోవడం ఎస్.కె. ఒక్కడి దురదృష్టం కాదు. అదే కాలంలో, ఎయిమ్స్‌లో పనిచేస్తున్న డాక్టర్ జి.వి.ఎస్. మూర్తి బృందం తూర్పు ఢిల్లీ త్రిలోక్‌పురిలో ఇంటింటికీ తిరిగి 5 నుంచి 15 ఏళ్ల పిల్లల కళ్లు పరీక్షించింది. చూపు తగ్గినవాటిలో నూటికి 80కి పైగా కళ్లకు కారణం అద్దాలతో సరిదిద్దగల దృష్టిదోషమే. మహబూబ్‌నగర్ పల్లెల్లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ చేసిన జంట సర్వేలో ఆ వాటా 61 శాతం. రెండూ 2002లో ఒకే పత్రికలో వచ్చాయి.

ఇక మొలినూ పరీక్ష. ఆ ఐదుగురిలో నలుగురికి పుట్టుశుక్లాలు, ఒకరికి కార్నియా మీద తెల్లటి మచ్చ. మొదటి కంటికి చికిత్స అయిన 48 గంటల లోపే పరీక్ష జరిగింది, ఎందుకంటే రోజు గడిస్తే కన్ను ఏదో ఒకటి నేర్చేసుకుంటుంది. గోళం, ఘనం రెండే అయితే లైబ్నిజ్ అన్నట్టు మూలలు లెక్కవేసి ఊహించే వీలుంది. అందుకని పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ దిమ్మెల్లాంటివాటితో 20 జతల ఆకారాలు తయారుచేశారు. కొత్త చూపుకు అందేంత పెద్దవి, నేపథ్యంలో కలిసిపోకుండా తెల్లని బల్లమీద పెట్టినవి. ఒకటి చూపించి లేదా చేతికిచ్చి, ఆ తర్వాత రెండిట్లో మొదటిది ఏదో చెప్పమన్నారు.

చేత్తో తడిమినదాన్ని మళ్లీ చేత్తోనే గుర్తుపట్టడంలో 98 శాతం సరిగ్గా చెప్పారు. కంటితో చూసినదాన్ని కంటితోనే గుర్తుపట్టడంలో 92 శాతం. అంటే ప్రతిబింబంలో లోపం లేదు. రిడ్లీ కటకం తన పని చేసింది. చేత్తో తడిమినదాన్ని కంటితో గుర్తుపట్టమంటే మాత్రం 58 శాతమే. కళ్లుమూసుకుని ఊహించినా సగం ఒప్పవుతాయి. చేతికి తెలిసినది కంటికి తెలియదు. మొలినూ, లాక్, బర్క్‌లీ చెప్పిందే నిజమైంది. 2011లో ఈ ఫలితం ‘నేచర్ న్యూరోసైన్స్’లో వచ్చింది. మొలినూ ఉత్తరానికి అప్పటికి 323 ఏళ్లు.

తర్వాతి సంగతి ఇంకా ముఖ్యం. మళ్లీ పరీక్షించడానికి వీలైన పిల్లల్లో ఒక వారం తిరక్కుండానే మార్పు మొదలైంది. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఇంట్లో గిన్నె పట్టుకుని, తలుపు తీసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని తిరిగారంతే. చేతికీ కంటికీ మధ్య దారి పుట్టుకతో వేసి లేకపోయినా, వేసుకోవడానికి మెదడు కొద్ది రోజులే తీసుకుంది. లాక్ సరిగ్గా ఊహించిన జవాబులో ఈ సగం ఆయనకు తెలియదు.

అన్నీ అనుభవవాదుల పక్షానే ఒరిగాయనుకుంటే పొరపాటు. 2015లో ఇదే బృందం కొత్తగా చూపొచ్చిన తొమ్మిదిమంది పిల్లలకు రెండు ప్రసిద్ధమైన దృష్టిభ్రమలు చూపించింది. ఒకటి, చివర్లలో బాణపు రెక్కలున్న రెండు సమానమైన గీతల్లో ఒకటి పొడవుగా కనిపించేది. రెండోది, దగ్గరవుతూ పోయే రెండు గీతల మధ్య ఉన్న అడ్డగీతల్లో పైది పెద్దదిగా కనిపించేది. ఏళ్ల తరబడి గదుల మూలలూ దూరానికి పోయే రోడ్లూ చూసి అలవాటుపడడం వల్లే మనం వీటికి మోసపోతామని పుస్తకాల్లో రాసేవారు. ఆ పిల్లలు రోడ్డు చూసి రెండు రోజులు కాలేదు. వాళ్లు కూడా మనలాగే మోసపోయారు. కంటి వ్యవస్థలో కొంత భాగం అనుభవం కోసం ఎదురుచూడదన్నమాట.

2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితం అందరికంటే పసిపిల్లల తల్లిదండ్రులను ఆలోచింపజేసేది. మామూలుగా చూపున్న పిల్లలకు రంగు ఫోటో అయినా నలుపు తెలుపు ఫోటో అయినా అందులోని వస్తువును గుర్తుపట్టడంలో పెద్ద తేడా ఉండదు. ప్రకాశ్ పిల్లలు రంగు తీసేస్తే తడబడ్డారు. కారణంగా పరిశోధకులు చెప్పేది ఇది: అప్పుడే పుట్టిన బిడ్డ కంటికి రంగులు సరిగా తెలియవు, కాబట్టి మెదడు మొదట వెలుగునీడలతోనే ఆకారాలు పట్టడం నేర్చుకుంటుంది. పెద్దయ్యాక చూపొచ్చిన పిల్లలకు మొదటిరోజే నిండు రంగులు దొరికాయి. మెదడు రంగునే పట్టుకు వేలాడింది. అదే బృందం అంతకుముందు పసికందుల మసకచూపు గురించి కూడా ఇలాగే చెప్పింది. పుట్టగానే స్పష్టంగా కనిపించకపోవడం లోపం కాదు, అది మెదడుకు మొదటి పాఠం.

కొన్ని వందలమంది పిల్లలు ఈ ప్రాజెక్టు వల్ల చూపు పొందారు. చాలామంది బడికి వెళ్లారు. తాము నిలబడ్డ చోటు నుంచి శాస్త్రానికి వాళ్లిచ్చినది తక్కువేమీ కాదు. అలాంటి చోట వాళ్లు నిలబడాల్సి రావడమే అన్యాయం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుశుక్లాలను పుట్టుకతోనే వెతకాల్సిన లోపాల జాబితాలో చేర్చింది. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డకు శుక్లాలు రావచ్చు. రుబెల్లా టీకా 2017 నుంచి తట్టు టీకాతో కలిపి జాతీయ కార్యక్రమంలో మొదలై, తెలుగు రాష్ట్రాలకు ఆ ఏడాది ఆగస్టులో వచ్చింది. పురిటి గదిలో పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోపు వెలుతురు బిడ్డ కంటిపాపలోకి వేస్తే ఎర్రగా మెరవాలి. ఆ ఎరుపు రెటీనా నుంచి తిరిగొచ్చే కాంతి. తెల్లగానో నల్లగానో కనిపిస్తే దారిలో ఏదో అడ్డుంది. రెండు కళ్లలోనూ చిక్కటి శుక్లాలుంటే బిడ్డ ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో ఉన్నప్పుడే ఆపరేషన్ చేయాలన్నది నేటి వైద్యుల మాట. దర్యాగంజ్‌లో ఆ దిమ్మెలు పట్టుకున్న పిల్లల్లో అందరికంటే ముందు వైద్యం అందినవారికే 8 ఏళ్లు.